మన ఊరు ఎందుకు ఎర్రబడింది

మార్చి 4

పిన్నికి,

క్షేమంగా చేరాను. రైల్లో ఎవరితోనూ మాట్లాడవద్దని నువ్వు చెప్పావు. చెప్పకపోయినా మాట్లాడేదాన్ని కాదు.

ఇక్కడికి రాగానే ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. మహమ్మారి వచ్చిన రోజున ఫోన్లు పనిచెయ్యకపోతే ఎలా ఉంటుందో చూడాలట. అందుకని ఈ నలభై రోజులూ ఉత్తరాలే. వారానికి రెండుసార్లు సంచి బయటికి వెళుతుంది.

మేము పనిచేసేది ఒక పొడవాటి హాల్లో. కుర్చీలు కొత్తవి, ఇంకా ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. కదిలితే చప్పుడవుతుందని నేను కదలను. ఎదురుగా గోడంత తెర, దాని మీద దేశపటం. ఊరు బాగుంటే ఆకుపచ్చ, అనుమానమైతే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఆ రంగులు వేసేది యంత్రమే. మందుల షాపుల్లో ఏం అమ్ముడవుతోందో, బళ్ళకు ఎంతమంది పిల్లలు రాలేదో, ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినవాళ్ళు ఏమన్నారో అన్నీ అదే చదివి, రోగం ఎక్కడ పుడుతోందో మనకన్నా ముందు పసిగట్టాలి. నా పని దానికి మన మాటలు నేర్పడం. ‘ఒంట్లో నలతగా ఉంది’ అంటే రోగం. ‘మా ఆయన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది’ అంటే రోగం కాదు. రెండోదాన్ని అది జ్వరం కిందే రాస్తోంది.

కంగారు పడకు. ఈ నలభై రోజులూ ఇక్కడ జరిగేదంతా రిహార్సల్. లేని జ్వరాన్ని ఉన్నట్టు ఊహించి యంత్రం ఎలా పనిచేస్తుందో, మేమెలా పనిచేస్తామో చూస్తారు. నిజంగా ఏ ఊళ్ళోనూ ఎవరికీ జ్వరం లేదు.

బాబాయి డయాలసిస్‌కు మానకుండా వెళుతున్నారా? వంతెన దాటేటప్పుడు బస్సులో గాలి బాగా కొడుతుంది. తలకు మఫ్లర్ చుట్టుకోమను.

నీ
పిల్లి


మార్చి 9

పిల్లీ,

నీ ఉత్తరం అందింది. అందింది అనాలో, సగం అందింది అనాలో తెలియటం లేదు. ‘కంగారు పడకు’ అని రాశావు. దాని కింద రెండు మూడు వరసలు ఎవరో నల్ల సిరాతో పూసేశారు. బాబాయి భూతద్దం పెట్టి, ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూశారు. ‘ఏ ఊళ్ళోనూ’ అన్న మాట దొరికింది. ఇంకాస్త వెతికితే ‘జ్వరం’ దొరికింది. అంతే.

బాబాయి అంటారూ, “ఏదో ఆఫీసు వ్యవహారంలే, నీకెందుకు?” అని. నాకెందుకేమిటి? మంచి కబురుకి ఎవరైనా మసి పూస్తారా? దాచారంటేనే దాచాల్సింది ఉందని. చప్పుడు చెయ్యవనే నిన్ను పిల్లి అన్నది; నోట్లో నాలుక లేనిదానివి, ‘కంగారు పడకు’ అని నువ్వు రాశావంటే అక్కడ కొంప మునుగుతూ ఉండాలి.

కుట్టు క్లాసులో ఈ ఏడాది చేరినవాళ్ళకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. అది వేరే సంగతి. బాబాయి వెళ్తున్నారు, వస్తున్నారు. అవతలి ఆసుపత్రిలో నర్సులందరికీ ఈయన పాతికేళ్ళ కండక్టర్ ఉద్యోగం కబుర్లు చెప్పి, పక్క మంచం వాడికి నిద్ర లేకుండా చేస్తున్నారట.

విషయమేమిటో దాచకుండా రాయి.

మీ పిన్ని, (కాలనీ మహిళా సంఘం కార్యదర్శి హోదాలో కూడా అడుగుతున్నాను)


మార్చి 12

పిన్నికి,

నీ జవాబు ఇంకా చేరలేదు. ఈలోగా రాస్తున్నాను.

ఈ వారం తీరిక లేదు. జ్వరం ముందు ఓడరేవులో మొదలైంది. ఇవాళ్టికి మూడు పట్టణాలకు పాకింది. ఆసుపత్రుల్లో మంచాలు చాలవని పెద్ద డాక్టరుగారు అన్నారు. ఆవిడే మా అందరికీ పైన. కోప్పడరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అంతే, అందరికీ భయం వేస్తుంది. మధ్యాహ్నం భోజనం నిలబడే తిన్నాం.

యంత్రం కొంచెం నేర్చుకుంది. ఒకావిడ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, “మా అత్తగారికి ఏమీ లేదు, అయినా మూలుగుతోంది” అంది. యంత్రం దాన్ని రోగమని రాయలేదు, ఆరోగ్యమనీ రాయలేదు. చాలాసేపు ఆగింది. నాకు దాని మీద జాలి వేసింది.

రోజూ పొద్దున్న హాల్లోకి రాగానే ముందు మన ఊరే చూస్తాను. ఆకుపచ్చగా ఉంది.

నీ
పిల్లి


మార్చి 16

పిల్లీ,

ఈ ఉత్తరానికి ఎవరూ మసి పూయలేదు. పూసినా బాగుండేది. మూడు పట్టణాలా! టీవీలో ఒక్క ముక్క చెప్పటం లేదు. పొద్దస్తమానం వంటలూ క్రికెట్టూ. నేను ఛానళ్ళన్నీ తిప్పి చూసి కట్టేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు మీ పిన్ని. సంఘం మీటింగు పెట్టాను. ఎక్కడి నుంచి తెలిసిందో చెప్పలేదు. “నమ్మకమైన చోటు నుంచి” అన్నాను. ఇక చూడు. మూడు వీధుల ఆడవాళ్ళూ కదిలారు. మెడికల్ షాపులో జ్వరం మాత్రలు ఒక్కటి మిగల్లేదు. షాపాయన, “ఏంటమ్మా, ఇంటిల్లిపాదికీ ఒకేసారి వచ్చిందా?” అని వేళాకోళం చేస్తే, “మీకు రాకుండా చూసుకోండి ముందు” అని వచ్చేశాను. పిల్లల్ని ఈ వారం బడికి పంపొద్దన్నాను. కుట్టు క్లాసులో గౌన్లు ఆపించి మాస్కులు కుట్టిస్తున్నాను. సూదిలో దారం ఎక్కించడం వాళ్ళకి ఇప్పుడొచ్చింది.

హెల్ప్‌లైన్ నంబరు అందరికీ ఇచ్చాను. మనవాళ్ళకి ఫోన్లో మాట్లాడటం చేతకాదు, నీళ్ళు నములుతారు. అందుకని ఏం అడగాలో నేనే నేర్పాను: “జ్వరమొస్తే మంచం ఉందా లేదా, మొహమాటం లేకుండా చెప్పండి.” అందరూ అదే అడుగుతున్నారు.

బాబాయి నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

నువ్వు ముక్కూ నోరూ కట్టుకుని కూర్చో.

పిన్ని


మార్చి 19

పిన్నికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. చదివాను.

పిన్నీ, అది నిజం కాదు. అంతా రిహార్సల్. మొదటి ఉత్తరంలోనే రాశాను. ఇక్కడ ఉత్తరాలు చూసే ఆయన ఒకరున్నారు. రిహార్సల్ అని బయటివాళ్ళకు తెలిస్తే మామూలుగా ఉండరు కాబట్టి ఆ మాట కొట్టేస్తారట. జ్వరం గురించి రాసింది మాత్రం ఉంచేశారు. ఎందుకని అడిగాను. “జ్వరం అబద్ధమేగా అమ్మా, అబద్ధం రహస్యమెందుకవుతుంది?” అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మన ఊరు ఎర్రబడింది. రిహార్సల్ కోసం రాసిపెట్టిన కథలో మన ఊరు లేదు. కథ రాసినవాళ్ళు, పెద్ద డాక్టరుగారు పరీక్ష కోసం చేర్చారనుకున్నారు. ఆవిడ, కథ రాసినవాళ్ళు చేర్చారనుకున్నారు. ఒకరినొకరు మెచ్చుకున్నారు. యంత్రానికి కథా నిజమూ ఒకటే. కథలో ఉన్న ఊళ్ళ ఉత్తర్వులు బయటికి పోకుండా ముందే ఆపిపెట్టారు, మన ఊరిది ఎవరూ ఆపలేదు. అది వంతెన మూయాలని మన జిల్లా ఆఫీసుకు ఉత్తర్వు పంపేసింది.

నా ముందుకు మన ఊరి ఫోన్లు వచ్చాయి. మొదటి మనిషి, “మంచం ఉందా లేదా, మొహమాటం లేకుండా చెప్పండి” అంది. రెండో మనిషీ అదే అంది. పదో మనిషీ అదే. నీ గొంతు ఎక్కడా లేదు, కానీ అందరి గొంతులోనూ నువ్వే ఉన్నావు.

వంతెన మూస్తే బాబాయి డయాలసిస్‌కు ఎలా వెళతారు? నేను లేచి అందరికీ చెప్పాలి. ఇప్పటివరకు ఈ హాల్లో నేను నోరు తెరవలేదు. నా గొంతు వాళ్ళెవరూ వినలేదు. రేపు చెపుతాను.

నన్ను క్షమించు.

నీ
పిల్లి


మార్చి 23

పిల్లీ,

ఈసారి ఉత్తరమంతా నలుపే. పైన ‘పిన్నికి’, కింద ‘నన్ను క్షమించు, నీ పిల్లి’. మధ్యలో అమావాస్య. అలాంటి ఉత్తరం ఎవరికైనా వస్తే ఏమనుకుంటారే? నీకేమైంది? నీకే వచ్చిందా జ్వరం?

ఇక్కడ వంతెన మూసేశారు. ఇనప గేటు అడ్డం పెట్టి, ఇటు ఇద్దరు పోలీసులు, అటు ఇద్దరు. బాబాయి ఆసుపత్రి కాగితాలు చూపించాం. “పైనుంచి ఆర్డర్ అమ్మా” అన్నాడు. “పైనున్నది మా అమ్మాయేనయ్యా” అన్నాను. “అయితే మీ అమ్మాయినే అడగండి” అన్నాడు. తప్పేముంది వాడిది? అడుగుతున్నాను.

ఒక డయాలసిస్ తప్పిపోయింది. కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టటం లేదు. రాత్రి పడుకుంటే ఆయాసమని కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నారు. నీళ్ళు గుక్కెడు గుక్కెడు లెక్కపెట్టి ఇస్తున్నాను. ఆయన జోకులు తగ్గాయి. నాకు దానికే ఎక్కువ భయం.

మీ ఆఫీసులో ఎవరి కాళ్ళు పట్టుకుంటావో పట్టుకో. ఆ గేటు తీయించు.

పిన్ని


మార్చి 26

పిన్నికి,

ఈ ఉత్తరంలో పని గురించి ఒక్క మాట ఉండదు. నా చిన్నప్పటి సంగతి ఒకటి రాస్తాను. నిదానంగా చదువు.

కాన్వెంట్లో నాలుగో తరగతిలో నాటకం వేశాం. నాకు మాటలు రావని సిస్టర్ నాకు చచ్చిపోయే పిల్ల వేషం ఇచ్చారు. నేను కళ్ళు మూసుకుని పడిపోవాలి, అంతే. పడిపోయాను. నువ్వు ప్రేక్షకుల్లోంచి లేచి, కుర్చీలు తోసుకుంటూ స్టేజి ఎక్కి, నన్ను ఒళ్ళో వేసుకుని మొహాన నీళ్ళు కొట్టావు. నేను లేచి ‘ఏం లేదు పిన్నీ’ అనాలా, చచ్చినట్టే ఉండాలా తెలియక అలాగే పడుకున్నాను. నువ్వు ఇంకా ఏడ్చావు. నువ్వు ఏడవడం చూసి ముందు వరసలో వాళ్ళందరూ ఏడ్చారు.

పిన్నీ, నువ్వు ఇప్పుడు కూడా స్టేజి మీదే ఉన్నావు. నీతో పాటు మూడు వీధులూ ఎక్కాయి. నాకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. దిగిరా.

ఆ రోజు సిస్టర్, “ఎవరావిడ?” అని అడిగితే నేను చెప్పలేదు. రేపు రేపనుకుంటూ మొన్నటికి చెప్పాను. అందరి ముందూ లేచి నిలబడి, “ఆవిడ మా పిన్ని. మిగతావాళ్ళందరూ ఆవిణ్ణి చూసి ఏడుస్తున్నారు” అన్నాను. కుర్చీ తొడుగు పెద్దగా చప్పుడు చేసింది. సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెర దించమన్నారు. గేటు ఈపాటికి తీసే ఉంటారు.

బాబాయి ఈసారి తప్పకుండా వెళ్ళాలి.

నీ
పిల్లి


మార్చి 30

పిల్లీ,

ఓసి నీ తెలివి తగలెయ్య. రెండుసార్లు చదివాక అర్థమైంది. మూడోసారి బాబాయికి చదివి వినిపించాను. ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, “ఊరు ఊరంతా నీ డైరెక్షన్‌లో నటించిందన్నమాట” అన్నారు. పరువు పోయింది. పోతే పోయింది, గేటు తీసేశారు. ఆయన రెండుసార్లు వెళ్ళొచ్చారు. కాళ్ళ వాపు తీసింది.

సంఘంలో చెప్పేశాను, అంతా ఉత్తుత్తిదే అని. మాత్రలు వెనక్కి తీసుకోమంటే షాపాయన తీసుకోనన్నాడు. పిల్లలు బడికి పోతున్నారు.

ఒక తమాషా చెప్తాను విను. నాలుగు రోజుల నుంచి మా వీధిలో నిజంగానే ఒళ్ళు వెచ్చబడుతోంది అందరికీ. పక్కింటి టైపు టీచరుకి, వాళ్ళ మనవరాలికి, ఎదురింటి ఇద్దరికి. బాబాయికీ మొన్నటి నుంచి జ్వరం, దగ్గు. “మీకు నటన బాగా వంటబట్టింది” అని ఏడిపిస్తున్నాను. టైపు టీచరు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఊరి పేరు అడిగి, “మీ ఊరి సమాచారం మా దగ్గర ఉంది, ధన్యవాదాలు” అని పెట్టేసిందట. చూశావా, అక్కడి వాళ్ళకీ తెలిసిపోయింది మన సంగతి.

జ్వరంతోనే వెళ్తానంటున్నారు నాలుగో తారీఖున డయాలసిస్‌కి. మఫ్లర్ చుట్టి పంపిస్తాను. ఇక నువ్వు బెంగపెట్టుకోకు.

పిన్ని


ఏప్రిల్ 2

పిన్నికి,

ఇది పెద్ద డాక్టరుగారి కవరులో వస్తోంది. ఎవరూ సిరా పూయరు. దీంట్లో ఉన్నది ఉన్నట్టు నమ్ము.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం వచ్చింది. తమాషా కాదు పిన్నీ. గేటు తీయించడానికి నేను ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాను. మన ఊరి ఫోన్లు నమ్మవద్దన్నాను. ప్రోగ్రామర్ యంత్రానికి అదే నేర్పాడు. అప్పటి నుంచి మన ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా పక్కన పెట్టి ధన్యవాదాలు చెపుతోంది. తెర మీద మన ఊరు నిండు ఆకుపచ్చగా ఉంది. దేశం మొత్తంలో మనదే ఆరోగ్యమైన ఊరు.

పక్కన పెట్టినవన్నీ ఇవాళ విన్నాను. కొందరు నీ మాటలే అన్నారు. కొందరు అనలేదు. ఒక పెద్దాయన, “మనవరాల్ని లేపితే లేవడం లేదు” అన్నాడు. ఒకావిడ నీ మాటలే మొదలుపెట్టి మధ్యలో దగ్గు వచ్చి ఆపేసింది. ఆవిడ నీ మాట విని ఫోన్ చేసిందా, నిజంగానే చేసిందా? పొద్దుటి నుంచి వింటున్నాను. నాకు తేడా తెలియటం లేదు. తేడా నేర్పవలసింది నేనే.

పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. “నిన్న లేదన్నావు, ఇవాళ ఉందంటున్నావు. ఏది నమ్మమంటావు?” అన్నారు.

“తెలియదండీ” అన్నాను.

“తెలియకపోతే మూయాలి.”

“మూస్తే డయాలసిస్ వాళ్ళు అవతలికి వెళ్ళలేరండీ. మూయకపోతే జ్వరంతో వెళ్ళి, ఆ గదిలో వాళ్ళందరి పక్కనా పడుకుంటారు.”

బాబాయి అని చెప్పలేదు. ‘డయాలసిస్ వాళ్ళు’ అన్నాను. ఆవిడ నన్ను చూసి, “నీకెవరు?” అన్నారు. అప్పుడు చెప్పాను. ఆవిడ వెతికించారు. మన ఊళ్ళో అలాంటివాళ్ళు నలుగురట. అవతలి ఆసుపత్రిలో విడిగా గదులు తీయించి, వ్యాను పంపిస్తామన్నారు. వంతెన మళ్ళీ మూస్తారు. ఈసారి మూయించింది నేను.

నీకు ఫోన్ చేద్దామని బీరువా తాళం అడిగాం. అది బయటి ఆఫీసులో ఉంది. వాళ్ళు ఇది కూడా రిహార్సలే అనుకుని, “చాలా బాగా చేస్తున్నారు” అన్నారు.

వ్యాను వస్తే బాబాయిని ఎక్కించు. నువ్వు ఆయన వెంట వెళ్ళకు. ఇంట్లోనే ఉండు.

పిల్లి


ఏప్రిల్ 4

పిల్లీ,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. వ్యాను మాత్రం వచ్చింది.

తెల్ల బట్టల వాళ్ళు ఇద్దరు దిగారు. మొహాలు కనపడవు. నేను నవ్వాను. “ఇంకా అయిపోలేదా మీ నాటకం?” అన్నాను. వాళ్ళు నవ్వారో లేదో ఆ అద్దాల వెనక నాకేం తెలుస్తుంది? బాబాయికి జ్వరం ఎక్కువగానే ఉంది. “పోనీలెండి, పిల్ల పేరు నిలబెట్టండి, గట్టిగా దగ్గండి” అన్నాను ఆయనతో. ఆయన ఏదో ఒకటి అంటారని చూశాను. అనలేదు. నా వైపు చూశారంతే.

నేనూ ఎక్కుతానన్నాను. వద్దన్నారు. చెయ్యి అడ్డం పెట్టారు. నాటకమైతే అంత గట్టిగా పెడతారా? తలుపు వేసేశారు. ఎక్కడికని అడిగితే “అవతలికి” అన్నాడొకడు. వంతెన చూస్తే గేటు మళ్ళీ పడి ఉంది. మూసిన వంతెన మీద నుంచి ఎలా తీసుకెళ్తారు?

పక్కింటావిడ అడుగుతోంది, ఏమైందని. ఏం చెప్పను? నేను చెప్పిందంతా ఇప్పటికే రెండుసార్లు అబద్ధమైంది. నాటకమని ఊరుకుంటే నిజమైతే? నిజమని ఏడిస్తే, మళ్ళీ ఊరంతా నన్ను చూసి ఏడిస్తే?

గుమ్మంలో కూర్చుని ఉన్నాను. నిజమా కాదా, ఒక్క మాట రాయి.

పిన్ని


ఏప్రిల్ 6

పిన్నికి,

నిజం.

బాబాయి అవతలి ఆసుపత్రిలో, మూడో అంతస్తులో, ఒక్కరే ఒక గదిలో ఉన్నారు. వ్యాను కోసం గేటు తీసి మళ్ళీ వేశారు. నిన్న డయాలసిస్ జరిగింది. జ్వరం తగ్గలేదు. ఏ జ్వరమో ఇంకా తెలియదు. పరీక్షకు పంపారు. యంత్రాన్ని అడిగితే మన ఊరికి ఏ రంగూ వేయకుండా ‘చెప్పలేను’ అని చూపిస్తోంది. ఇన్నాళ్ళలో దాన్ని నేను పూర్తిగా నమ్మింది ఇవాళే. టైపు టీచరుగారినీ ఎదురింటి వాళ్ళనూ చూడటానికి రేపు మనుషులు వస్తారు. ఈసారి వాళ్ళను చూసి నవ్వకు. మిగిలిన మాస్కులు పంచిపెట్టు. సంఘం మీటింగు పెట్టకు.

పెద్ద డాక్టరుగారి బల్ల మీద ఆసుపత్రులకు మాత్రమే పోయే ఫోను ఒకటి ఉంది. ఆవిడ దాన్ని నా వైపు తోసి బయటికి వెళ్ళారు. నర్సు బాబాయి చెవి దగ్గర పెట్టింది. ఆయన గొంతు బాగా నీరసంగా ఉంది. నేను గబగబా అన్నీ చెప్పాను. ఎక్కడున్నారో, ఎందుకు తెచ్చారో, నువ్వు ఇంట్లో ఎందుకు ఉన్నావో, తప్పంతా నాదేనని కూడా. ఎప్పుడూ అంత మాట్లాడలేదు నేను.

ఆయన విని, “నువ్వు మా పిల్లివి కాదు. మా పిల్ల ఇంతసేపు మాట్లాడదు. మిషన్ పెట్టి మాట్లాడిస్తున్నారు” అన్నారు.

నేనేనని చెప్పాను. నమ్మలేదు. ఏం చెప్పినా మిషన్ కూడా చెప్పగలదు. ఏడుపొచ్చింది. ఫోను పట్టుకుని, ఒక్క మాట లేకుండా, చాలాసేపు ఏడ్చాను.

అప్పుడు, “ఆఁ, నువ్వే” అన్నారు.

పిల్లి